యూరోపాలో చతుర్థి

నమోదు 41

ఇక్కడ ఒక్కో భాషవాళ్ళ సంఘాన్నీ ఒక బల్ల అంటారు. తెలుగు బల్ల దినచర్య రాయడం గుమాస్తాగా నా ఉద్యోగం. దీన్ని చదివేవాళ్ళు ఎవరూ లేరని నాకు బాగా తెలుసు. కాబట్టి నిజాలే రాస్తాను.

ఈ పూట బియ్యం తేవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు. వచ్చిన చిక్కే అది. "దాతగారూ, బియ్యం" అన్నాను. సామాను ఇచ్చే యంత్రానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు దాతగారు. మిగతా బల్లల వాళ్ళు దాన్ని ఉత్త యంత్రమనే పిలుస్తారు, గారు తగిలించింది మనమే. "మీరు నాలుగోవారు. దయచేసి వేచి ఉండండి" అన్నాడు దాతగారు. ముందూ వెనకా చూశాను. ఆ పొడుగాటి మంచు వసారాలో నేనూ, నా సంచీ తప్ప మరో ప్రాణి లేదు. ముందున్న ముగ్గురూ ఏరని అడిగాను. ఇంకా రాలేదని చెప్పాడు, చాలా మర్యాదగా.

ఇది మాకు కొత్త కాదు. మంచూరులో తెలుగువాళ్ళు ఏది కావాలన్నా ముందు ముగ్గుర్ని వెతుక్కోవాలి. మంచూరు అన్నది కూడా మనం పెట్టిన పేరే. యూరప్ వాళ్ళు గురుగ్రహం చుట్టూ తిరిగే ఈ యూరోపా మీద, మంచు కింద ఊరు కట్టి, దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. తవ్వడానికి పిలిచింది మనల్ని, కాబట్టి పిలవడానికి వీలైన పేరు మనం పెట్టుకున్నాం.

వ్లాస్తా ఇంటి తలుపు తట్టాను. వ్లాస్తాది చెక్ బల్ల, మా గోడకి అవతలి ఇల్లు. వాళ్ళది మూడో స్థానం, అంటే ఆవిడకి ముందు ఇద్దరుంటే చాలు. ఎప్పటిలాగే ఇద్దరు రష్యన్ వాళ్ళని బతిమాలి తీసుకొచ్చింది. వాళ్ళిద్దరూ ముందు నిలబడి చెరొక సబ్బు తీసుకున్నారు, వ్లాస్తా మూడోదిగా ఉల్లిపాయలు తీసుకుంది, నాలుగోదాన్ని నేను బియ్యం తీసుకున్నాను. ఆ రష్యన్ వాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు సబ్బులు పెట్టడానికి చోటు లేదట.

ఇంటికొచ్చేసరికి మాణిక్యాంబ పెద్దమ్మ దగ్గుతూనే పప్పు రుబ్బుతోంది. మా అమ్మకి అక్క. ఇక్కడ నేను ఉండేది వాళ్ళింట్లోనే. పెదనాన్న పేర్రాజు గారు, వాళ్ళబ్బాయి వంశధర్, నేను, పెద్దమ్మ, మొత్తం నలుగురం. దగ్గెలా ఉందని అడిగాను. "నాకేమే, బానే ఉన్నాను. బియ్యం దొరికాయా?" అంది.


నమోదు 42

వైద్యుడు చెప్పేశాడు. అది మామూలు దగ్గు కాదు, మంచు దగ్గు. చల్లగాలి ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. ఛాతీకి ఊపిరి పెట్టె తగిలిస్తే పీల్చే గాలిని అది వెచ్చబెడుతుంది, మనిషి బతుకుతుంది. తగిలించకపోతే వచ్చే నౌక దాకా కూడా ఆగదన్నాడు. ఆ మాట పెద్దమ్మ లేనప్పుడు చెప్పాడు. నేను విన్నాను, విని వంటగదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

నౌక నిన్ననే దిగింది. అందులో ఊపిరి పెట్టెలు మూడొచ్చాయి. ఊళ్ళో మంచు దగ్గు ఉన్నవాళ్ళు ఇద్దరే, వ్లాస్తా భర్త బొహుమిల్, మా పెద్దమ్మ. మూడు పెట్టెలు, ఇద్దరు రోగులు. ఎంత దద్దమ్మకైనా కుదిరే పంపకమే అనుకున్నాను.

వైద్య సామాను వరసలో నిలబడితే ఇవ్వరు, పెట్టెల మీదే అంకెలుంటాయి. మూడో అంకె పెట్టె చెక్ బల్లకి వెళ్ళింది, బొహుమిల్ ఈపాటికి హాయిగా గురక పెడుతుంటాడు. తెలుగు బల్లకి నాలుగో అంకె పెట్టె రావాలి. నాలుగోది నౌకలో లేదు. ఒకటో అంకె, రెండో అంకె పెట్టెలు కిటికీ అద్దం వెనకాల ఖాళీగా కూర్చున్నాయి. వాటిలో ఒకటి ఇమ్మని అడిగాను. అవి మొదటివారికీ రెండోవారికీ అన్నాడు దాతగారు. వాళ్ళెవరని అడిగాను. ఇంతవరకూ ఏ బల్లా ఆ స్థానాలు కోరలేదన్నాడు. అద్దాన్ని గుద్దాను. చెయ్యి నొప్పి పుట్టింది, అద్దానికి ఏమీ కాలేదు.

దీనంతటికీ కారణం ఒక్క మాట. దాతగారిని పెట్టిన కొత్తలో ఏ సామాను ఎవరికి ఇవ్వాలో అర్థం చేసుకోలేక ఒకరివి ఇంకొకరికి ఇచ్చేసేవాడు. అప్పుడు యూరప్‌లో ఎవరో మేధావులు కూర్చుని తేల్చారు. 'నాకు, నీకు, వాడికి' అనే విభక్తిని ఏ జాతి ఏ పేరుతో పిలుస్తుందో అడగండి, ఇవ్వడం గురించి ఆ జాతి మనసులో ఏముందో ఆ పేరే చెబుతుంది, దాని ప్రకారం ఇవ్వండి అన్నారు. ప్రతి బల్లా తన పేరు రాసిచ్చింది. రష్యన్ వాళ్ళ మాటకి 'ఇచ్చేది' అని అర్థమట, వాళ్ళకి చెయ్యి చాపితే చాలు. పోలిష్ వాళ్ళ మాటలో 'గురి' ఉందట, వాళ్ళ సామాను గురి చూసి విసిరినట్టు గుమ్మం ముందు పడుతుంది, లోపలికి తెచ్చుకోవడం వాళ్ళ పని. లిథువేనియా వాళ్ళది 'లాభం', ప్రతిసారీ ఇది మీకేం ఉపయోగమని అడిగి మరీ ఇస్తాడు. హంగరీ వాళ్ళది 'పాలు పంచుకునేది', వాళ్ళింట్లో ఒక్క గుడ్డు కూడా పూర్తిగా ఎవరికీ రాదు. గ్రీకు వాళ్ళ భాషలో ఆ విభక్తి ఎప్పుడో చచ్చిపోయిందట, వాళ్ళకి ముందు సంతాపం చెప్పి తర్వాత సామాను ఇస్తాడు.

చెక్ వాళ్ళు బడిలో 'మూడోది' అనేవాళ్ళట, అదే రాశారు. మనం 'చతుర్థి' అని రాశాం. అంటే నాలుగోది. మా బల్ల పండితుడు చయనులు గారు తన చేత్తో, అందమైన దస్తూరీతో రాసి, కింద గీత కూడా గీశారు.


నమోదు 44

43 రాయలేదు. కోపంలో రాసినవి దినచర్యలో చెల్లవని నియమం ఉంది.

పేరు మార్చుకోవచ్చని నియమావళిలో దొరికింది. ముచ్చటగా మూడే పేర్లు, ఆ తర్వాత మార్చడానికి లేదు. ఒకటి అయిపోయింది, రెండున్నాయి. వెంటనే బల్ల సమావేశం పెట్టించాను. పెద్దమ్మ అందరికీ టీ పెట్టి, దగ్గు వినబడకూడదని గుడ్డ అడ్డం పెట్టుకుని గోడ పక్కన నిలబడింది.

ఇలా జరుగుతోందని, పెద్దమ్మ ప్రాణం మీదికొచ్చిందని, నాలుగు అన్న అర్థం రాని పేరేదైనా చెప్పమని అడిగాను. చయనులు గారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన మంచూరులో మనకున్న ఒకే ఒక్క పండితుడు, గనిలో మంచు తూకం వేసే ఉద్యోగం. కళ్ళు తెరిచి, వేల ఏళ్ళుగా వస్తున్న పేరుని ఒక యంత్రం కోసం మార్చడం ఎంతవరకు సబబని అడిగారు. వేల ఏళ్ళుగా వస్తున్నవాటిలో మా పెద్దమ్మ లేదు కాబట్టి మార్చాల్సిందే అన్నాను.

అప్పుడు మల్లేశం సార్ లేచాడు. మా పిల్లల బడిలో తెలుగు చెప్పే మాస్టారు, వరంగల్ మనిషి. చయనులు గారు తప్పు రాశారని ఆయన ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాడు. ఇవాళ అవకాశం దొరికింది.

"అసలు గది చతుర్థే కాదు సార్" అన్నాడు. "కొఱకున్, కై చతుర్థి. నాకు, నీకు అన్నప్పుడు వచ్చేది కు గదా. కిన్, కున్ షష్ఠిల ఉన్నయ్. చిన్నప్పుడు మనందరం బట్టీ గొట్టినం."

ఆయన చెప్పింది నిజం. చిన్నప్పుడు విభక్తులు వల్లించినవాళ్ళం అందరం పెదాలు కదిపి చూసుకున్నాం. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్, షష్ఠి. యూరప్ వాళ్ళందరూ ఇచ్చే విభక్తి అనుకుంటున్న కు, మన పాత లెక్కలో ఆరో ఇంట్లో కాపురం ఉంటోంది.

షష్ఠి అని రాస్తే మనం ఆరోవాళ్ళమవుతాం మాస్టారూ అన్నాను. "గట్లయితే అయితం. సత్యం సత్యమే గదా అమ్మా" అన్నాడు. చయనులు గారు కుర్చీలోంచి లేచి, యంత్రం అడిగింది అర్థాన్ని గానీ ప్రత్యయాన్ని కాదనీ, ఇచ్చుట అనే అర్థానికి చతుర్థే చెల్లుతుందనీ గొంతు పెంచారు. గది రెండుగా చీలిపోయింది. ఒక వైపు చతుర్థి వర్గం, ఇంకో వైపు షష్ఠి వర్గం. చతుర్థి వాళ్ళకి నాలుగోవాళ్ళుగా ఉండటం గౌరవం, షష్ఠి వాళ్ళకి ఆరోవాళ్ళుగా ఉండటం న్యాయం. పంచమి అంటే మధ్యలో సరిపోతుంది కదా అని మా పెదనాన్న రాజీ ప్రతిపాదించాడు. భార్య దగ్గుతుంటే మొగుడు చేసిన సాయం అది.

పెద్దమ్మ ఖాళీ కప్పులు తీసుకెళ్ళింది. తీర్మానం లేకుండా సభ ముగిసింది.


నమోదు 45

తీర్మానం వచ్చింది. రెండు వర్గాలూ ఏకమయ్యాయి, ఎవరూ ఓడిపోకుండా ఉండే మాట దొరికిందట. అంకెల గొడవ లేని మాట, సంస్కృతం నుంచి తెచ్చిన మాట, 'సంప్రదానం'. మల్లేశం సార్ కూడా చప్పట్లు కొట్టాడు. నాకూ బాగుందనిపించింది, ఒప్పుకుంటాను. వెంటనే వెళ్ళి నమోదు చేశాను.

దాతగారు కాసేపు ఆలోచించాడు. "సంప్రదానం అంటే ఏమిటి?" అని అడిగాడు. పక్కనే ఉన్న చయనులు గారు గొంతు సవరించుకుని వివరించారు. సమ్యక్ ప్రదానం, చక్కగా, పూర్తిగా, మళ్ళీ తిరిగి తీసుకోకుండా ఇచ్చేయడం. తన వస్తువుని ఇంకొకరి వస్తువుగా చేసేయడం. చాకలికి బట్టలేస్తే అది సంప్రదానం కాదు, ఎందుకంటే తిరిగి వస్తాయి. బాగా చెప్పారు. అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది.

"అర్థమైంది. తెలుగువారు ఇచ్చేసేవారు" అన్నాడు దాతగారు. కిటికీ కింద ఎప్పుడూ మూసి ఉండే ఇంకో అర తెరుచుకుంది, లోపలికి వేసేది. "ఉంచండి" అన్నాడు.

ఏం ఉంచమంటాడో అర్థం కాక చయనులు గారు నా వైపు చూశారు. దాతగారు ఆయన భుజం మీది ఉన్ని శాలువాని ఎర్రటి దీపంతో చూపించాడు. తను చెప్పిన అర్థమే తనకి ఎదురు నిలబడితే కాదనేదెట్లా, చయనులు గారు శాలువా తీసి అరలో పెట్టారు. "పండితులు అనిపించుకున్నారు" అన్నాడు దాతగారు. ఆయన వణుకుతూ, చూశావా అమ్మాయీ, యంత్రానికి కూడా సంస్కారం అబ్బింది అన్నారు.

సాయంత్రానికి తెలుగు ఇళ్ళన్నిటి నుంచీ సామాను వెళ్ళింది. కుక్కర్లు, దుప్పట్లు, మల్లేశం సార్ రేడియో. మా ఇంటి నుంచి ఏం పోయిందో పెద్దమ్మని అడిగాను. ఇడ్లీ రేకులు, ఇంకా వేడినీళ్ళ సంచి ఇచ్చానంది. రోజూ ఛాతీ మీద పెట్టుకుంటే కాస్త దగ్గు తగ్గేది ఆ సంచితోనే.

"ఎందుకిచ్చావు పెద్దమ్మా?"

"అడిగాడే" అంది. "అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటాం?"


నమోదు 47

46 కూడా కోపంలోనే పోయింది. పెద్దమ్మకి ఇప్పుడు నాలుగు మాటలు కలిపి మాట్లాడటం కష్టంగా ఉంది. వంట మాత్రం మానలేదు. మానమంటే నాకు వంట చెయ్యడం రాదని గుర్తు చేస్తుంది, అది నిజమే. పెదనాన్నా వంశధర్ ముందు తింటారు, తర్వాత నేను తింటాను, అప్పుడు గిన్నెల అడుగున ఉన్నది పెద్దమ్మ కూర్చుని తింటుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. ఇవాళ ఎందుకో అన్నం సయించలేదు.

వ్లాస్తా వచ్చింది. బొహుమిల్ లేచి తిరుగుతున్నాడట. ఆ మాట చెప్పి సిగ్గుపడింది. తన తప్పేమీ లేకపోయినా ఆవిడ సిగ్గుపడింది, ఆ మర్యాద మన సభలో ఒక్కరికీ లేకపోయింది. ఏ పేరు పెట్టాలో తెలియడం లేదు వ్లాస్తా, ఇంకొక్కటే మిగిలింది అన్నాను. ఆవిడ చిన్నప్పుడు జర్మన్ పిల్లలతో కలిసి చదువుకుందట. వాళ్ళకి పెద్ద పేరు ఒకటి ఉన్నా, బడిలో టీచరు ఆ విభక్తిని 'ఎవరికి విభక్తి' అని చెప్పేదట. ఎవరికి అని ప్రశ్న వేసుకో, జవాబులో వచ్చేదే ఆ విభక్తి. ఫారో దీవుల వాళ్ళకైతే అసలు పేరే అదట. వాళ్ళకి సామాను ఎలా ఇస్తాడు అని అడిగాను. "ఏముంది, ఎవరికి అని అడుగుతాడు. వాళ్ళు చెబుతారు. ఇస్తాడు" అంది.

అంత సులువా అనిపించింది.

చయనులు గారిని అడగలేదు. ఎవరికి అన్నది పేరు కాదు, ప్రశ్న అంటారని తెలుసు. మల్లేశం సార్‌నీ అడగలేదు, అందులో కి ఉంది కాబట్టి షష్ఠి అంటాడు. సమావేశం పెట్టకుండా గుమాస్తా ముద్ర వేసి నేనే నమోదు చేశాను. తెలుగు పేరు, మూడోది, ఆఖరుది: 'ఎవరికి'. ఉద్యోగం ఊడితే ఊడుతుంది, గుమాస్తా పనికి పోటీ పడేవాళ్ళు కూడా ఇక్కడెవరూ లేరు.

దాతగారు లోపలికి వేసే అర మూసేశాడు. అద్దం వెనక రెండు పెట్టెల మీద అంకెలు చెరిగిపోయాయి. జబ్బుమనిషి స్వయంగా వచ్చి నోటితో చెప్పాలి, పెట్టె ఎవరికన్నది వారి మాటే అన్నాడు. ఇంటికి పరిగెత్తాను.


నమోదు 48

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త పేరు వార్త తెలిసి మనవాళ్ళందరూ కిటికీ దగ్గరికి చేరారు. వరసలో ముందుగా చయనులు గారు, శాలువా వెనక్కి అడగడానికి. చలికి ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి.

"శాలువా. ఎవరికి?" అన్నాడు దాతగారు.

చయనులు గారు అటూ ఇటూ చూశారు. అందరూ చూస్తున్నారు. "అబ్బే, నాకేం తొందర లేదు. ముందు పెద్దవాళ్ళెవరైనా ఉంటే చూడండి" అన్నారు. ఆయనకన్నా పెద్దవాళ్ళు ఊళ్ళో లేరు. మొహమాటానికి అన్న మాట అది, మనలో ఎవరైనా అయితే కాదు కాదు మీరే తీసుకోండి అని రెండుసార్లు బలవంతం చేసి భుజం మీద కప్పేవాళ్ళం. దాతగారికి బలవంతం చేయడం రాదు. సరేనని శాలువా లోపలికి లాగేసుకున్నాడు. తర్వాత మల్లేశం సార్ కూడా అంతే. "నాకెందుకు, ఉంటె ఉంటది పోతె పోతది" అన్నాడు, రేడియో పోయింది. ఒక జాతి మొత్తం చలికి వణుకుతూ వద్దు వద్దంటూ వరసగా నడిచి వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను.

పెద్దమ్మ వంతు వచ్చింది. నేనూ వంశధర్ చెరో రెక్క పట్టుకున్నాం. పెదనాన్న పక్కన నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట దారి పొడుగునా చెప్పించాను, ఒకటే మాట, నాకు.

"ఊపిరి పెట్టె. ఎవరికి?" అన్నాడు దాతగారు.

పెద్దమ్మ ఊపిరి తీసుకుంది. పక్కనున్న పెదనాన్నని చూసింది. ఆయన చేతులు రుద్దుకుంటున్నాడు.

"ఆయనకివ్వండి" అంది. "పాపం చలికి తట్టుకోలేరు."

నేను నోరు తెరిచేలోపు ఇనప చెయ్యి వచ్చి, పెదనాన్న ఛాతీ మీద పెట్టె అతికించేసి వెళ్ళిపోయింది. ఊపిరి పెట్టె ఒకసారి ఒకరి ఛాతీకి అంటుకుంటే వాళ్ళ ఊపిరినే నేర్చుకుంటుంది, తీసి ఇంకొకరికి పెడితే పనిచేయదు. పెదనాన్న ఉలిక్కిపడి, దాన్ని తడుముకుని, కాసేపటికి "వెచ్చగా బావుందే" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదని రాయాలి కాబట్టి రాస్తున్నాను.


నమోదు 50

49 కూడా నియమం ప్రకారం చెల్లదు.

ఇంకొక్క పెట్టె ఉంది. వైద్యుడు చేతులెత్తేసే లోపు పెద్దమ్మ నోటినుంచి ఒక మాట రావాలి. ఇవాళ పెదనాన్నా వంశధర్ గనికి వెళ్ళాక ఆవిడని మంచం మీద కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"నాకు అనడం రాదా పెద్దమ్మా నీకు?"

"ఎందుకు రాదే? పొద్దుట్నించీ అంటూనే ఉన్నాగా. నాకు ఆయాసంగా ఉంది. నాకు ఒళ్ళు నొప్పులు. నాకు నిద్ర పట్టలేదు."

"అవి కాదు. నాకు ఇవ్వండి అను."

నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. వీపు రాశాను. దగ్గు తగ్గాక, తనకి ఏం కావాలో అడగడమంటే ఎదుటివాళ్ళకి తెలియదని ఎత్తి చూపినట్టు ఉంటుందే అంది. ఇంట్లోవాళ్ళకి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా, వాళ్ళే చూస్తారు అంది. ఎప్పుడైనా చూశారా అని అడగబోయి మానేశాను. నాకు జవాబు తెలుసు, ఆ ఇంట్లోవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఊరికే సాధన చేయిద్దామని నిన్నటి గారె ఒకటి ప్లేటులో పెట్టి పట్టుకొచ్చాను. దాతగారి గొంతు అనుకరించి, గారె, ఎవరికి అన్నాను.

"నీకే. తిను, చల్లారిపోతుంది."

నాకొద్దు అన్నాను. అయితే వంశీకి దాచమంది. వాడికీ వద్దు అన్నాను. పక్కింటి వ్లాస్తాకి పంపమంది. ఊళ్ళో తెలిసిన ప్రతి మనిషి పేరూ చెప్పింది, బొహుమిల్‌తో సహా. చివరికి గారె ఎండిపోయింది. అప్పుడు, పారేయడం దేనికి, ఇలా తే, నేను తింటాను అని తీసుకుంది. మిగిలిపోయాక, పనికిరాకుండా పోయాక, పారేయబోయేటప్పుడు మాత్రమే ఆవిడ వంతు వస్తుంది.

నాకు అప్పుడు ఒళ్ళు మండిపోయింది. మన భాషలో ఆకలి నాకు వేస్తుంది, జ్వరం నాకు వస్తుంది, కోపం నాకు వస్తుంది, కష్టం నాకు కలుగుతుంది. మనకి వచ్చి పడేవన్నీ ఆ కు పట్టుకునే వస్తాయి. జర్మన్ వాడు 'నా దగ్గర ఆకలి ఉంది' అని ఆకలిని తన దగ్గర ఉంచుకుంటాడట, మనకి మాత్రం అది ఎవరో పంపించినట్టు వస్తుంది. వచ్చినవన్నీ సంతకం పెట్టి పుచ్చుకున్నట్టు పుచ్చుకుని, ఒక్క మంచి వస్తువు దగ్గర మాత్రం నాకెందుకులే అంటాం.

రేపు మళ్ళీ తీసుకెళ్తాను. దారిలో ఏమీ చెప్పించదలచుకోలేదు.


నమోదు 51

కిటికీ దగ్గర మనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆఖరి పెట్టె కాబట్టి చూడటానికి వచ్చారు. పెదనాన్న తన పెట్టెతో వచ్చాడు, చొక్కా బొత్తాలు విప్పేసి, ఊరంతటిలో చలి లేని ఒకే ఒక్క మనిషిలా. ఈసారి ఆయన్ని దూరంగా నిలబెట్టాను. వంశధర్‌నీ, నన్నూ కూడా పెద్దమ్మ కంటికి కనబడని చోట పెట్టాను. అద్దానికి ఎదురుగా ఆవిడ ఒక్కతే గోడ పట్టుకుని నిలబడింది.

"ఊపిరి పెట్టె. ఎవరికి?"

పెద్దమ్మ ఎవరినైనా చూద్దామని తల తిప్పింది. ఎవరూ కనబడలేదు. "నాకు..." అంది. "నాకు దగ్గు బాబూ" అని పూర్తి చేసింది.

దాతగారి దీపం మిణుకుమంది. "దగ్గు మీకు అందినట్టు రాసుకున్నాం. ఇంకా?"

"అందడమేమిటి" అంది పెద్దమ్మ. "నాకు ఆయాసం."

"ఆయాసం అందింది. ఇంకా?"

"నాకు ఒళ్ళు నొప్పులు."

"నొప్పులు అందాయి. అన్నీ మీకే అందుతున్నాయి. తెలుగు బల్లలో ఇన్ని అందుకున్నవారు వేరే లేరు. అభినందనలు." దాతగారిలో వెటకారం లేదు, అది పెట్టడం యంత్రాన్ని చేసినవాళ్ళకి చేతకాదు. ఉన్నది ఉన్నట్టు అన్నాడు. "ఇప్పుడు పెట్టె. ఎవరికి?"

వెనకనుంచి పెదనాన్న గొంతు సవరించుకుని, ఆవిడ ఉద్దేశం ఏమిటంటే అని మొదలుపెట్టాడు. పెద్దమ్మ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆపింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి అలా లేవడం నేను చూడలేదు.

"దగ్గు నాకు" అంది. ప్రతి మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. "నొప్పులు నాకు. అడుగంటిన గిన్నె నాకు. అప్పుడు అడిగావా ఎవరికని? ఒక్కడూ అడగలేదు. అవన్నీ తిన్నగా నా దగ్గరికే వచ్చాయి. ఇది మాత్రం ఎవరికని అడుగుతున్నావా?"

దాతగారు ఎదురు చూస్తున్నాడు. మేమందరం కూడా.

"నాకు" అంది పెద్దమ్మ. "పెట్టె నాకు. నాకే."

ఇనప చెయ్యి వచ్చింది. పెట్టె ఆవిడ ఛాతీకి అంటుకుంది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది, ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. దగ్గు వస్తుందని అందరం చూశాం. రాలేదు. నేను వెళ్ళి ఆవిడ భుజం మీద తల పెట్టి, ఊరంతా చూస్తుండగా, సిగ్గు లేకుండా ఏడ్చాను.

చయనులు గారు మాత్రం నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి, ఆడమనిషి నలుగురి ముందూ అలా నాకు నాకు అనడం కొంచెం ఎబ్బెట్టుగా ఉందమ్మాయీ అన్నారు. ఆయన పళ్ళు చలికి టకటకా కొట్టుకుంటున్నాయి. శాలువా అద్దం వెనకాలే ఉంది.


నమోదు 52

పెద్దమ్మ పొద్దున లేచి పప్పు రుబ్బింది. దగ్గు లేదు.

మధ్యాహ్నం పులుసు పెట్టి, ముగ్గురికీ కంచాలు వేసింది. మేం కూర్చున్నాం. పెద్దమ్మ నాలుగో కంచం కూడా తెచ్చి వేసింది, మాకు ఎదురుగా. దాంట్లో ముందు తనకి అన్నం పెట్టుకుంది, పులుసు పోసుకుంది, ములక్కాడ ముక్కలు ఏరి వేసుకుంది. పెదనాన్న తన ఖాళీ కంచంలోకి చూసుకున్నాడు, ఉన్నదేమైనా తనకి కనబడలేదేమో అన్నట్టు.

పెద్దమ్మ గరిటె నిండా పులుసు తీసి పట్టుకుని, మా వైపు చూసింది.

"ఎవరికి?" అంది.

"నాకు" అన్నాం ముగ్గురం, ఒక్కసారే. ఒక్కరి గొంతులోనూ మొహమాటం లేదు.

పెద్దమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి, తన కంచం ముందుకి జరుపుకుని తినడం మొదలుపెట్టింది.